కంఠతా వచ్చిన గుణాలు, కంటపడని పనులు

డిసెంబర్ 22 జాతీయ గణిత దినోత్సవం. 1887లో ఆ రోజున ఈరోడ్‌లో పుట్టిన శ్రీనివాస రామానుజన్ పేరిట 2012 నుంచి జరుపుకుంటున్నాం. బడుల్లో క్విజ్‌లు, కాలేజీల్లో వక్తృత్వ పోటీలు, పటానికి పూలదండ, 1729 కథ మరోసారి. తప్పేమీ లేదు. అయితే ఈ తేదీకి సరిగ్గా ఒక్క రోజు ముందు గణిత చరిత్రలో ఇంకో ముఖ్యమైన తేదీ ఉంది. 1807 డిసెంబర్ 21న జోసెఫ్ ఫోరియర్ అనే జిల్లా పాలనాధికారి పారిస్‌లోని విద్వత్సభకు ఒక పరిశోధన పత్రం సమర్పించాడు. వేడి ఎలా పాకుతుందన్నది దాని విషయం. ఆ పత్రంలో మొలకెత్తిన ఆలోచనే ఇవాళ సెల్‌ఫోన్‌లోనూ, స్కానింగ్ సెంటర్‌లోనూ, సునామీ హెచ్చరిక కేంద్రంలోనూ పనిచేస్తోంది.

మన రెండు రాష్ట్రాల్లో ఈసీఈ విద్యార్థులు రెండో ఏడాదిలో ‘సిగ్నల్స్ అండ్ సిస్టమ్స్’ చదువుతారు. అక్కడ ఫోరియర్ ట్రాన్స్‌ఫార్మ్ వారికి ఒక పట్టిక రూపంలో ఎదురవుతుంది: లీనియారిటీ, టైమ్ షిఫ్టింగ్, స్కేలింగ్, కన్వల్యూషన్, పార్సెవల్. ఎడమవైపు కాలం, కుడివైపు పౌనఃపున్యం, మధ్యలో రెండు కొసల బాణం. పరీక్షకు ముందు రాత్రి కంఠతా పట్టి, మర్నాడు రాసేసి, ఆపై మరిచిపోయే సరుకుగా అది మిగిలిపోతోంది. రెండు శతాబ్దాలుగా ఈ లెక్క నిలబడింది ఆ పట్టికలోని గుణాల మీదే. ఒక్కో గుణం వెనుక లోకంలో జరిగే ఒక్కో పని ఉంది. చాలావాటి వెనుక ఒక బేరం కూడా ఉంది. పనినీ బేరాన్నీ చూపించకుండా గుణాన్ని మాత్రమే నేర్పడం మన సాంకేతిక విద్యలోని పెద్ద లోటు.

ముందు మనిషి సంగతి. ఫోరియర్ ఫ్రాన్స్‌లోని ఓసేర్‌లో 1768లో ఒక దర్జీ ఇంట పుట్టాడు. చిన్నతనంలోనే తల్లిదండ్రులు పోయారు. 1798లో నెపోలియన్ వెంట ఈజిప్టు వెళ్లాడు. తిరిగొచ్చాక గ్రెనోబుల్ కేంద్రంగా ఉన్న ఇజేర్ జిల్లాకు ప్రిఫెక్ట్ అయ్యాడు. చిత్తడి నేలల్లో నీరు తీయించడం, రోడ్లు వేయించడం వంటి సర్కారీ పనుల నడుమ తీరిక చేసుకుని లోహంలో వేడి ప్రయాణాన్ని లెక్కగట్టాడు. ఆ క్రమంలో ఒక సాహసోపేతమైన మాట అన్నాడు: ఎంత వంకరటింకర గీతనైనా, మధ్యలో తెగి పైకి ఎగిరిన గీతనైనా, సైన్, కొసైన్ తరంగాల మొత్తంగా రాయవచ్చని. పత్రాన్ని పరిశీలించినవారు లగ్రాంజ్, లప్లాస్, మోంజ్, లక్రువా. నునుపైన తరంగాలు కలిస్తే తెగిన గీత ఎలా వస్తుందన్న సందేహం లగ్రాంజ్‌ను వదల్లేదు. పత్రం అచ్చుకాలేదు. తరువాత అదే విషయం మీద పోటీ పెట్టినప్పుడు బహుమతి ఫోరియర్‌కే దక్కింది కానీ, నిరూపణలో బిగువు చాలదన్న వ్యాఖ్య కూడా దాని వెంటే వచ్చింది. చివరికి 1822లో పుస్తకం వెలువడింది. ఏయే షరతుల కింద ఆ మాట చెల్లుతుందో 1829లో డిరిక్లే నిరూపించాడు.

అంటే ఫలితం ముందు వచ్చింది, నిరూపణ ఇరవై రెండేళ్లకు వచ్చింది. లగ్రాంజ్ అభ్యంతరం పెట్టినందుకు తప్పుబట్టాల్సిన పనీ లేదు. ఆ అభ్యంతరానికి జవాబు వెతికే క్రమంలోనే ప్రమేయం అంటే ఏమిటి, అనంత శ్రేణి ఒక విలువకు చేరడమంటే ఏమిటి అన్న ప్రశ్నలను పందొమ్మిదో శతాబ్దపు గణితం మొదటినుంచి తేల్చుకోవలసి వచ్చింది.

ఫోరియర్ ట్రాన్స్‌ఫార్మ్ చేసే పని చెప్పడం తేలికే. కాలంతో మారే ఒక సిగ్నల్‌ను తీసుకుని, అందులో ఏయే పౌనఃపున్యాలు ఎంతెంత మోతాదులో, ఏ ఫేజ్‌లో ఉన్నాయో లెక్క తేలుస్తుంది. కొత్తగా ఏమీ కలపదు, ఉన్నదేదీ పోనివ్వదు. తిరుగు లెక్క వేస్తే మొదటి సిగ్నల్ మళ్లీ చేతికొస్తుంది. ఇంతవరకే అయితే అది చూసే చోటును మార్చడం మాత్రమే. చూసే చోటు మారితే ఏ కష్టమైన పని సులువవుతుందో చెప్పేవి గుణాలు.

మొదటిది లీనియారిటీ. రెండు సిగ్నళ్లు కలిస్తే వాటి ట్రాన్స్‌ఫార్మ్‌లూ అలాగే కలుస్తాయి. తరగతిలో ఒక్క గీతతో తేల్చేసే ఈ గుణం విలువ తెలియాలంటే విశాఖ, కాకినాడ తీరాలకు వెళ్లాలి. పున్నమికీ అమావాస్యకీ పోటు ఎక్కువని, అష్టమి ప్రాంతంలో తక్కువని వేటకెళ్లేవాళ్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు. లెక్కలో చూస్తే, చంద్రుడి వల్ల వచ్చే ప్రధాన భాగం సుమారు 12 గంటల 25 నిమిషాలకోసారి, సూర్యుడి వల్ల వచ్చేది 12 గంటలకోసారి తిరుగుతాయి. రెండూ ఒకసారి కలిసొచ్చి, ఆపై ఎడమై, మళ్లీ కలవడానికి 14.77 రోజులు పడుతుంది. పక్షానికోసారి పెద్ద పోటు రావడం వెనుక ఉన్న లెక్క ఇదే. ఇలాంటి భాగాలు ఇంకా అనేకం ఉన్నాయి. వాటిని కప్పీలతో, తీగతో కలిపి రాబోయే పోటుపాట్లను గీసే యంత్రాన్ని 1870ల తొలినాళ్లలోనే విలియం థామ్సన్ చేయించాడు. లార్డ్ కెల్విన్‌గా మనకు తెలిసింది ఆయనే. ఈ రోజున హైదరాబాద్‌లోని సముద్ర సమాచార సేవల సంస్థ ఇన్‌కాయిస్‌లో సునామీ హెచ్చరిక కేంద్రం ఉంది. 2004 సునామీ విషాదం తరువాత, 2007 నుంచి అది పనిచేస్తోంది. సముద్రమట్టపు రికార్డులోంచి ముందే లెక్కకు దొరికే పోటుపాట్లను తీసేస్తే తప్ప నడిసముద్రంలో సెంటీమీటర్లలో ఉండే సునామీ అల బయటపడదు. మొత్తంలోంచి ఒక భాగాన్ని, మిగతాదానికి దెబ్బ తగలకుండా, తీసి పక్కన పెట్టగలగడమే లీనియారిటీ.

రెండోది టైమ్ షిఫ్టింగ్. సిగ్నల్ ఆలస్యంగా వస్తే ఏ పౌనఃపున్యం ఎంతుందన్న లెక్క మారదు, ఫేజ్ ఒక్కటే మారుతుంది. అంటే ‘ఎంత’ అన్నదానికి మాగ్నిట్యూడ్ జవాబు చెబితే, ‘ఎప్పుడు’, ‘ఎక్కడ’ అన్నవాటికి ఫేజ్ జవాబు చెబుతుంది. విద్యార్థులు సాధారణంగా మాగ్నిట్యూడ్ గ్రాఫ్ గీసి ఫేజ్‌ను గాలికి వదిలేస్తారు. 1981లో ఒపెన్‌హైమ్, లిమ్ అనే ఇద్దరు ఒక పత్రంలో దీని ప్రాధాన్యాన్ని చూపించారు. రెండు వేర్వేరు బొమ్మల ట్రాన్స్‌ఫార్మ్‌లు తీసి, ఒకదాని మాగ్నిట్యూడ్‌ను మరోదాని ఫేజ్‌తో జతచేసి తిరుగు లెక్క వేస్తే, ఫేజ్ ఏ బొమ్మదైతే ఆ బొమ్మే కనిపిస్తుంది. అంచు ఎక్కడుంది, గీత ఎక్కడ తిరిగింది అన్న సమాచారమంతా ఫేజ్‌లో ఉంటుంది మరి. ఏ ల్యాబ్‌లోనైనా పది నిమిషాల్లో చేసి చూపగల ప్రయోగమిది.

మూడోది స్కేలింగ్. కాలంలో కుదిస్తే పౌనఃపున్యంలో విస్తరిస్తుంది; కాలంలో సాగదీస్తే పౌనఃపున్యంలో కుదురుకుంటుంది. రెండు చోట్లా ఒకేసారి ఇరుకుగా ఉండే సిగ్నల్ లోకంలో లేదు. డెన్నిస్ గాబోర్ 1946లో ఈ పరిమితికి సిగ్నళ్ల భాషలో స్పష్టమైన రూపమిచ్చాడు. దీనికి మన గడ్డ మీదే మంచి ఉదాహరణ ఉంది. తిరుపతికి దగ్గర్లోని గాదంకిలో జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల వారి ఎంఎస్‌టీ రాడార్ ఉంది. 32 వరసల్లో 32 చొప్పున 1,024 యాగీ యాంటెన్నాలు పరిచి, 53 మెగాహెర్ట్జ్ రేడియో తరంగాలను ఆకాశంలోకి పంపుతారు. మేఘం లేకపోయినా, గాలిలోని సుడుల నుంచి సన్నని ప్రతిధ్వని తిరిగొస్తుంది. గాలి కదులుతుంటే ఆ ప్రతిధ్వని పౌనఃపున్యం కొంచెం జరుగుతుంది. తరంగ దైర్ఘ్యం సుమారు 5.66 మీటర్లు కాబట్టి, రాడార్ చూపు దిశలో సెకనుకు 2.8 మీటర్ల వేగానికి వచ్చే తేడా ఒక్క హెర్ట్జ్. సెకనుకు 5 కోట్ల 30 లక్షల కంపనాల్లో ఒక్క కంపనం తేడా! దాన్ని పట్టేది ఫోరియర్ ట్రాన్స్‌ఫార్మే.

బేరం ఇక్కడే ఉంది. ప్రతిధ్వనిని 25 సెకన్లు విని లెక్కేస్తే 0.04 హెర్ట్జ్ తేడాను, అంటే సెకనుకు సుమారు 11 సెంటీమీటర్ల వేగాన్ని, విడదీయవచ్చు. ఐదు సెకన్లే వింటే విడదీయగలిగేది 57 సెంటీమీటర్ల దాకానే. ఎక్కువసేపు వింటే వేగం కచ్చితంగా తెలుస్తుంది, కానీ ఆలోగా గాలి మారిపోవచ్చు. త్వరగా ముగిస్తే సమయం తెలుస్తుంది, వేగం మసకబారుతుంది. ఎంత ఖరీదైన కంప్యూటర్ కొన్నా ఈ బేరం నుంచి తప్పించుకోలేం. 1980లలో చమురు అన్వేషణ కోసం భూకంప తరంగాలను విశ్లేషించిన ఝాన్ మోర్లే వంటివారు వేవ్‌లెట్ల దారి పట్టింది కూడా ఇందుకే. చిన్న సంఘటనలకు చిన్న కిటికీ, నెమ్మదైనవాటికి పెద్ద కిటికీ పెట్టి వాళ్లు బేరాన్ని తెలివిగా సర్దుకున్నారు. బేరాన్ని మాత్రం రద్దు చేయలేదు.

నాలుగోది, అన్నిటికన్నా పనిమంతురాలు, కన్వల్యూషన్ గుణం. ఒక సిగ్నల్ ఏదైనా వ్యవస్థ గుండా వెళ్లినప్పుడు పాత విలువలూ కొత్త విలువలూ ఒకదానిమీద ఒకటి పడి చిక్కుబడతాయి. కాలంలో ఆ చిక్కు విప్పడం ఒళ్లు హూనమయ్యే పని. పౌనఃపున్యం వైపు వెళితే ఆ చిక్కంతా మామూలు గుణకారం. గుణకారాన్ని విప్పడానికి భాగాహారం చాలు. మన జేబులోని 4జీ ఫోన్ నడిచేది ఈ సూత్రం మీదే. అమీర్‌పేట సెంటర్లో నిలబడి వీడియో చూస్తుంటే, టవర్ నుంచి వచ్చే సిగ్నల్ నేరుగా ఒకసారి, మెట్రో స్తంభానికి తగిలి ఇంకోసారి, ఎదురుగా ఉన్న భవనం అద్దాలకు తగిలి మరోసారి వస్తుంది. ఇవన్నీ కలగాపులగమవడమే కన్వల్యూషన్. 4జీలో సమాచారాన్ని 15 కిలోహెర్ట్జ్ ఎడంలో ఉన్న వందలాది సన్నని పాయలుగా పంచుతారు. 20 మెగాహెర్ట్జ్ వెడల్పులో ఇవి 1,200. ఒక్కో పాయలో గుణకారం ఒక్కటే జరుగుతుంది కాబట్టి, ఫోన్ ఒక్కో పాయకు ఒక్క భాగాహారం చేసి ప్రతిధ్వనుల ప్రభావాన్ని తుడిచేస్తుంది.

దీనికీ కిరాయి కట్టాలి. ఒక్కో సింబల్ (ఒక విడతలో పంపే సిగ్నల్ ముక్క) 66.7 మైక్రోసెకన్లు ఉంటే, దాని తోక భాగాన్ని సుమారు 4.7 మైక్రోసెకన్ల మేర నకలు తీసి ముందు అతికిస్తారు. సైక్లిక్ ప్రిఫిక్స్ అంటారు దాన్ని. అదిలేకపోతే గుణకారపు సూత్రం సరిగ్గా చెల్లదు. ఆ నకలు మోసే కొత్త సమాచారం ఏమీ లేదు. దాదాపు ఏడు శాతం సమయం అలా ధారపోస్తాం. బదులుగా 1.4 కిలోమీటర్ల వరకు అదనపు దూరం తిరిగొచ్చిన ప్రతిధ్వనులను కూడా ఫోన్ తట్టుకుంటుంది. పట్టికలోని ఒక వరస, కోట్లమంది ఫోన్లలో ప్రతి క్షణం ఇలా ఖర్చూ లాభమూ లెక్కచూసుకుంటూ నడుస్తోంది.

అయిదోది పార్సెవల్ సూత్రం: కాలంలో లెక్కించినా పౌనఃపున్యంలో లెక్కించినా మొత్తం శక్తి ఒకటే. అందువల్ల అవతలివైపు ఎంత పారేస్తే ఇవతలివైపు అంతే పోతుంది. ఫొటోల కుదింపుకు ఈ భరోసాయే పునాది. ఫోరియర్ ట్రాన్స్‌ఫార్మ్‌కు దగ్గరి చుట్టమైన డిస్క్రీట్ కొసైన్ ట్రాన్స్‌ఫార్మ్‌ను 1974లో నాసిర్ అహ్మద్, టి. నటరాజన్, కామిశెట్టి రామమోహనరావు ప్రచురించారు. బెంగళూరులో పుట్టిన అహ్మద్ 1972లో ఈ ఆలోచన మీద పనిచేయడానికి అమెరికా జాతీయ సైన్స్ ఫౌండేషన్‌ను నిధులడిగితే, ప్రతిపాదన మరీ సాదాసీదాగా ఉందని తిప్పిపంపారు. ఆ సాదాసీదా ఆలోచనే జేపెగ్ ఫొటోకు గుండెకాయ. బొమ్మను ఎనిమిదికి ఎనిమిది గళ్లుగా కోసి, ఒక్కో ముక్కలోని 64 విలువలను పౌనఃపున్యాలుగా మార్చి, కంటికి ఆనని వాటిని వదిలేయడమే పని. వాట్సాప్‌లో పెళ్లి ఫొటోలు అంత చప్పున చేరడం వెనుక ఉన్నది ఇది.

ఎంఆర్ఐ స్కానింగ్‌లో ఇంకా విచిత్రం ఉంది. అక్కడ యంత్రం కొలిచేదే ట్రాన్స్‌ఫార్మ్. బొమ్మ తరువాత తిరుగు లెక్కలో పుడుతుంది. ఆ పద్ధతికి పునాది వేసిన 1975 నాటి పత్రం రాసిన ముగ్గురిలో, రిచర్డ్ ఎర్న్‌స్ట్, డీటర్ వెల్టీలతోపాటు, తరువాత బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థలో పనిచేసిన అనిల్ కుమార్ ఉన్నారు. ఎర్న్‌స్ట్‌కు 1991లో రసాయనశాస్త్ర నోబెల్ వచ్చింది.

ఇన్ని గుణాలున్నా, లెక్క చేయడానికి కాలం సరిపోకపోతే అన్నీ కాగితం మీదే ఉండిపోయేవి. 1,024 విలువలకు ట్రాన్స్‌ఫార్మ్‌ను నేరుగా లెక్కించాలంటే 10,48,576 గుణకారాలు కావాలి. సైన్ తరంగాలు తమను తాము తిరిగి తిరిగి చెప్పుకుంటాయన్న సంగతిని వాడుకుని, పెద్ద లెక్కను సగాలుగా చీల్చుకుంటూ పోతే 5,120 గుణకారాలతో తెములుతుంది. జేమ్స్ కూలీ, జాన్ టూకీ 1965లో ప్రకటించిన ఎఫ్ఎఫ్‌టీ (ఫాస్ట్ ఫోరియర్ ట్రాన్స్‌ఫార్మ్) ఇదే. భూగర్భ అణు పరీక్షలను దూరం నుంచి భూకంప పరికరాలతో కనిపెట్టాలన్న ప్రచ్ఛన్న యుద్ధపు అవసరం దాని వెనుక ఉంది. అయితే సరిగ్గా ఇలాంటి ఉపాయాన్నే 1805 ప్రాంతంలో గౌస్ గ్రహశకలాల కక్ష్యల కోసం వాడి, లాటిన్‌లో రాసి పెట్టుకున్నాడు. ఆయన పోయాక 1866లో అది అచ్చయింది. దాని అసలు విలువ లోకానికి తెలిసేసరికి ఇరవయ్యో శతాబ్దం ద్వితీయార్ధం వచ్చింది. లెక్క ఉన్నా, దాని అవసరం తెలిసిన కాలం రావాలి.

రామానుజన్ విషయంలోనూ అదే జరిగింది. 1918లో ఆయన త్రికోణమితి మొత్తాల మీద ఒక పత్రం ప్రచురించారు. సంఖ్యా సిద్ధాంతంలోని ప్రమేయాలను ఫోరియర్ పద్ధతిని తలపించే తరంగాలుగా రాసే ప్రయత్నమది. అందులోని మొత్తాలను ఇప్పుడు రామానుజన్ మొత్తాలు అంటున్నాం. తరంగాలను కలిపితే చివరికి ఎప్పుడూ పూర్ణాంకమే రావడం వాటి ప్రత్యేకత. దాదాపు వందేళ్లకు, 2014లో, కాలిఫోర్నియాలోని కాల్‌టెక్‌లో పనిచేసే పి.పి. వైద్యనాథన్ వాటిని సిగ్నళ్లలో దాగిన ఆవృత్తులను పట్టడానికి వాడి చూపారు. చిన్న సిగ్నల్‌లో ఆవృత్తి పొడవు ఇబ్బందికరంగా ఉన్నప్పుడు మామూలు ట్రాన్స్‌ఫార్మ్‌కు స్పష్టంగా కనబడనిది ఈ దారిలో కనబడుతుంది. డిసెంబర్ 21కీ డిసెంబర్ 22కీ ఉన్న చుట్టరికం క్యాలెండర్‌తో ఆగిపోలేదు.

ఈ చరిత్రంతా చెప్పే సంగతి ఒకటే. 1807 పత్రానికి తక్షణ ప్రయోజనం ఏమిటని ఎవరైనా నిలదీసి ఉంటే ఫోన్ అనో స్కానింగ్ అనో జవాబు వచ్చేది కాదు. గౌస్ ఉపాయం 160 ఏళ్లు, రామానుజన్ మొత్తాలు 96 ఏళ్లు ఆగాయి. అహ్మద్ ప్రతిపాదనను నిధులిచ్చేవాళ్లే తేలిగ్గా తీసిపారేశారు. మౌలిక గణితానికి ఇచ్చే డబ్బుకు ఏడాది తిరిగేలోపు ఫలితం అడిగే ప్రభుత్వాలు ఈ లెక్క ఒకసారి చూసుకోవాలి.

ఇక మన తరగతి గదులు. ‘టైమ్ షిఫ్టింగ్ గుణాన్ని రాసి నిరూపించండి’ అన్న ప్రశ్న ఏటా ఏదో ఒక పేపర్లో వస్తూనే ఉంటుంది. నిరూపణ నాలుగు గీతలు. అది రాసిన విద్యార్థికి, రికార్డింగ్ రెండు సెకన్లు ఆలస్యమైతే స్పెక్ట్రమ్ బొమ్మలో ఏం మారుతుందని అడిగితే తెల్లమొహం వేస్తాడు. తప్పు అతడిది కాదు, ఆ బొమ్మ ఎవరూ చూపించలేదు. నిరూపణ వద్దనడం లేదు. డిరిక్లే లేకపోతే ఫోరియర్ మాట గాలిలోనే ఉండేది. నిరూపణతోపాటు కొలిచిన సిగ్నల్ ఒకటి పక్కన ఉండాలన్నదే మా వాదన.

దానికి ఖర్చు కూడా పెద్దగా లేదు. ప్రతి విద్యార్థి జేబులో మైక్రోఫోన్ ఉంది, ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్ ఉంది. ఒకరోజు తరగతికి ఒక మృదంగాన్నీ ఒక డప్పునూ తెప్పించండి. మృదంగం కుడి మూతి మీద నల్లటి మందు పూసి ఉంటుంది. ఆ పూత వల్లే దాని ధ్వనిలోని పౌనఃపున్యాలు 1, 2, 3, 4, 5 నిష్పత్తుల్లో సర్దుకుంటాయని సి.వి. రామన్ తన పరిశోధనల్లో చూపారు. ఏ పూతా లేని గుండ్రటి చర్మానికి సిద్ధాంతం చెప్పే నిష్పత్తులు 1, 1.59, 2.14 ఇలా ఉంటాయి. రెండింటి దెబ్బనూ రికార్డు చేసి స్పెక్ట్రమ్‌లు పక్కపక్కన పెడితే, మృదంగానికి శ్రుతి ఎందుకు కుదురుతుందో, డప్పు దరువునే ఎందుకు నమ్ముకుంటుందో తెరమీదే కనిపిస్తుంది. ఆ రికార్డింగ్‌ను సగానికి కోసి మళ్లీ లెక్కిస్తే శిఖరాలు లావెక్కుతాయి. గాదంకి రాడార్ బేరాన్ని విద్యార్థి తన చేత్తో చూసినట్టవుతుంది.

విశ్వవిద్యాలయాల బోర్డ్ ఆఫ్ స్టడీస్‌లో కూర్చునే ఆచార్యులకు మా విన్నపం రెండు మాటలే. పట్టికలోని ప్రతి గుణానికీ ఒక కొలిచిన సిగ్నల్‌తో చేసే అభ్యాసాన్ని సిలబస్‌లో రాయండి. ప్రశ్నపత్రంలో ‘నిరూపించండి’ అన్న ప్రతి రెండు ప్రశ్నలకూ ‘ఈ గ్రాఫ్ చూసి ఏం జరిగిందో చెప్పండి’ అన్నది ఒకటి చేర్చండి. పాఠం చెప్పే మాస్టార్లు అంతవరకూ ఆగనక్కర్లేదు. జాతీయ గణిత దినోత్సవం నాడు వక్తృత్వ పోటీకి కేటాయించిన గంటలో అరగంట తీసుకుని, ఒక్క గుణాన్ని పనిచేస్తుండగా చూపించండి.